సంతకం లేని సువార్త

చర్చికి బెంచీ చేయించినా, గుడికి ఫ్యాను కొనిచ్చినా దాత పేరు రంగుతో రాయించడం మనకు అలవాటు. ఫ్యాను తిరుగుతుంటే ఆ పేరు ఎవరికీ కనపడదు. అయినా రాయిస్తాం. అలాంటి మనం లిండిస్‌ఫార్న్ సువార్తల గ్రంథాన్ని కాస్త ఓపిగ్గా చూడాలి. పదమూడు వందల ఏళ్ల కిందట ఒక మనిషి ఏళ్ల తరబడి కూర్చుని రాసి, బొమ్మలు వేసి, తన పేరు మాత్రం ఎక్కడా పెట్టకుండా వదిలేసిన పుస్తకమది.

ఇంగ్లండు ఈశాన్య తీరాన, ఆటుకు దారి తేలి పోటుకు మునిగిపోయే చిన్న దీవి లిండిస్‌ఫార్న్. అక్కడి మఠంలో బిషప్‌గా ఉండిన కత్‌బర్ట్ 687లో కన్నుమూశాడు. 698లో ఆయన దేహాన్ని సమాధిలోంచి తీసి, అందరూ వచ్చి మొక్కేలా పైన ఉంచారు. ఆ పరిశుద్ధుడి గౌరవార్థమే ఈ గ్రంథం తయారైంది. కాలం సుమారు 700–720 అని పండితుల లెక్క. నాలుగు సువార్తలూ లాటిన్‌లో ఉన్నాయి. పేజీ అడుగుకు పైచిలుకు పొడవు. 250కి పైగా ఆకులు, అన్నీ దూడ తోలువే. ఇప్పుడది లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ప్రతి సువార్త ముందూ ఒక పేజీ మొత్తం అల్లికే ఉంటుంది. దీన్ని తివాచీ పేజీ అంటారు. ఒక్క అక్షరం ఉండదు. నడుమ సిలువ, దాని లోపలా చుట్టూ మెడలు సాచి ఒకదాన్నొకటి కరచుకున్న పక్షులు, జంతువులు. మెలికల ముగ్గులో గీతను వేలితో వెంబడించినట్టు ఇక్కడా ఒక పక్షి మెడ పట్టుకుని బయల్దేరండి. ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి పోతూ, ఎక్కడా తెగకుండా, ఎక్కడా వరస తప్పకుండా చివరికి తన కాలి గోటి దగ్గరకో తోక దగ్గరకో చేరుతుంది. కొన్నిచోట్ల ఈ అల్లిక ఎంత సన్నమంటే, భూతద్దం పెడితే గానీ ఏ గీత ఎటు పోయిందో తెలీదు.

ఇదంతా ఎలా వేశాడు? జవాబు పేజీ వెనక దొరుకుతుంది. మార్కు సువార్త ముందున్న తివాచీ పేజీని తిప్పి చూస్తే, వెనకవైపు వృత్తలేఖిని ముల్లు గుచ్చిన రంధ్రాలు, గళ్లు, వంపులు మసకగా కనిపిస్తాయి. సీసపు మొనతో ముందు వెనకవైపు నమూనా గీసుకుని, దాని ఆధారంతో ముందువైపు రంగులు నింపాడని పరిశోధకులు చెబుతారు. తోలు వెనకనుంచి వెలుతురు పడేలా పెట్టుకుని ఉంటాడని వాళ్ల ఊహ. పెన్సిల్ పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందు సంగతి ఇది. చూసేవాళ్లకు కనపడని వైపు కూడా అంత లెక్కగా ఉందంటే, మెప్పు కోసం చేసిన పని కాదనిపిస్తుంది.

లూకా సువార్త మొదటి పేజీ చూడండి. పెద్ద అక్షరాల చుట్టూ, వాటి నడుమ ఖాళీల్లో ఎర్రటి చుక్కలు. దూరానికి లేత ఎరుపు పూతలా ఉంటుంది. దగ్గరికెళ్తే ఒక్కొక్కటీ విడివిడిగా పెట్టిన చుక్క. ఆ ఒక్క పేజీలోనే పదివేలకు పైగా ఉన్నాయని లెక్కపెట్టినవాళ్లు చెప్పారు. ఓ వెయ్యి తగ్గించినా కనిపెట్టేవాళ్లు ఉండరు. ఆయన తగ్గించలేదు.

రంగుల్లోనూ ఆడంబరం లేదు. ఇందులోని నీలం ఎక్కడో దూరదేశం నుంచి తెచ్చిన ఖరీదైన రాతి పొడి అని చాలాకాలం అనుకున్నారు. తర్వాత పరీక్ష చేస్తే మొక్కల ఆకుల్లోంచి తీసిన నీలిమందని తేలింది. బంగారం అక్కడక్కడా రవ్వంతే. చేతికందిన కొద్ది సరుకును కలిపి, పలచన చేసి అన్ని ఛాయలు రాబట్టాడు. ఇంత చేసినవాడు కొన్నిచోట్ల చిన్న చిన్న భాగాలను రంగు నింపకుండా వదిలేశాడు. పరిపూర్ణత దేవుడికే చెల్లుతుందన్న వినయంతో కావాలనే వదిలాడని కొందరంటారు. చావో, బిషప్‌గా ఆయన మోసిన పదవి బరువో పని ఆపించిందని మరికొందరు. నాకు రెండోది సహజంగా తోస్తుంది. వినయానికి రుజువు పూర్తికాని ఆ మూలల్లో కాదు, పూర్తి చేసిన పేజీల్లోనే ఉంది.

ఎందుకంటే మత్తయి ఆరో అధ్యాయం కూడా ఈ చేతే రాసింది. మనుషులు చూడాలని ధర్మం చేసేవాళ్లకు రావలసింది అప్పుడే ముట్టిందనీ, చాటుగా చేసినదాన్ని పరలోకపు తండ్రి చూస్తాడనీ క్రీస్తు బోధించిన చోటు అది. దాన్ని అక్షరం అక్షరం దిద్దినవాడికి సంతకం పెట్టే చోటు దొరకలేదంటే నమ్మలేం.

మరి ఆయన పేరు మనకెలా తెలిసింది? రెండున్నర శతాబ్దాల తర్వాత, పదో శతాబ్దంలో, ఆల్‌డ్రెడ్ అనే మతాచార్యుడు లాటిన్ పంక్తుల మధ్య సన్నని అక్షరాలతో మాటకు మాట పాత ఇంగ్లిషు అర్థం రాశాడు. ఇంగ్లిషులో మనకు మిగిలిన సువార్త అనువాదాల్లో అదే పాతది. చివర ఒక గమనిక చేర్చాడు: రాసింది బిషప్ ఈడ్‌ఫ్రిత్, అట్ట కట్టింది ఎథెల్‌వాల్డ్, పైన బంగారు, రత్నాల పని చేసింది బిల్‌ఫ్రిత్. ఈడ్‌ఫ్రిత్ 698 నుంచి 721 దాకా అక్కడ బిషప్. ఇంత ఆలస్యంగా రాసిన మాట కాబట్టి సందేహించేవాళ్లూ ఉన్నారు, నమ్మేవాళ్లే ఎక్కువ.

ఆల్‌డ్రెడ్ తన పేరు మాత్రం దాచుకోలేదు. పనికిమాలిన దీనుణ్నని తన్ను తాను తగ్గించుకుంటూనే, ఏ సువార్తకు అర్థం ఎవరి కోసం రాశాడో లెక్క చెప్పాడు. యోహాను సువార్త తన ఆత్మ కోసమట, దేవుడి దయవల్ల పరలోకంలో చోటు దొరకాలని. అదీ నిజాయితీగల కోరికే. ఈడ్‌ఫ్రిత్ ఆ కోరికనైనా అక్షరాల్లో పెట్టలేదు. బిల్‌ఫ్రిత్ బంగారం ఎప్పుడో పోయింది, ఇప్పుడున్నది పంతొమ్మిదో శతాబ్దపు అట్ట. మిగిలింది లోపలి పని. పరలోకం మీద చూపున్నవాడికి ఇహలోకపు పని అశ్రద్ధ అవుతుందనుకునేవాళ్లకు ఈ గ్రంథం చూపించాలి. మనుషులు తనిఖీ చేయరని తెలిసిన చోట కూడా చెయ్యి సడలించకపోవడమే ఆ నమ్మకం నేర్పిన పనితనం.