బకెట్టులో సుడిగాలి
ఇంటి వెనక రేకుల షెడ్డులో వడ్రంగం చేసేవాళ్లు తక్కువ ఖర్చులో అమర్చుకునే డస్ట్ కలెక్టర్ చూస్తే నాకు భలే ముచ్చట. ఒక వాక్యూమ్ క్లీనర్, గట్టి పెయింటు బకెట్టు, దాని మూత మీద గరాటా లాంటి ప్లాస్టిక్ సైక్లోన్, అంతే. రంపం దగ్గర పీల్చిన గాలి అందులోకి పక్కనుంచి దూరి గిరగిరా తిరుగుతుంది. బరువైన పొట్టు గోడకు కొట్టుకుని బకెట్టులోకి జారుతుంది. గాలి నడిమి గొట్టంలోంచి పైకెళ్లిపోతుంది. అందుకే వాక్యూమ్ క్లీనర్ ఫిల్టరు త్వరగా పూడుకోదు. మూత దగ్గర సందుంటే మాత్రం పొట్టు కిందికి దిగదు. అక్కడ సైకిల్ ట్యూబు ముక్క అంటించి బిగించే పనితనం చూడాలి! బకెట్టు పలచనిదైతే, గొట్టం మూసుకుపోగానే లొట్టపోతుంది.

చిత్రిక పొట్టు ఊడిస్తే పోతుంది. సాండర్ లేపే మెత్తటి పొడి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. కొయ్య ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఏనాడో తేల్చింది. అందుకే సైక్లోన్ ఉన్నా, తెలిసినవాళ్లు మాస్కు తీయరు.