హోఫర్ వారి ఆడపడుచు

అశోక్‌నగర్‌లో కోచింగ్ నోట్సు తీసే జిరాక్స్ షాపుకు వెళ్లి, ఫోన్‌లో ఉన్న బొమ్మను కలర్ ప్రింటు తీయమన్నాను. షాపు కుర్రాడు కాగితం ఇవ్వబోతూ వేళ్లతో విదిలించాడు. మళ్లీ విదిలించాడు. "ఈగ పోతలేదక్కా" అన్నాడు.

ఆ ఈగ వాలి ఐదున్నర శతాబ్దాలైంది. 1470 ప్రాంతంలో జర్మనీలోని స్వాబియా చిత్రకారుడెవరో ఫర్ చెక్క పలక మీద వేసిన పడుచుపిల్ల బొమ్మ అది. ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఈగ వాలింది ఆమె తలకు చుట్టిన తెల్లబట్ట మీద.

ఆదివారాలు నేను పెన్సిల్‌తో ముఖాలు గీస్తాను. ఈ తలగుడ్డకు మూడు ఆదివారాలు పట్టింది. పెన్సిల్‌తో తెలుపు గీయలేం. చుట్టూ నీడ వేసుకుంటూ పోతే, వదిలేసిన కాగితమే బట్టవుతుంది. మడత దగ్గర చెయ్యి ఒక్క పిసరు బరువైతే చాలు, బట్ట కాస్తా రేకైపోతుంది. ఈగ మాత్రం పది నిమిషాల్లో వచ్చేసింది. కాళ్ల కింద సన్నటి నీడ పడగానే లేచి నిలబడింది.

ఆమె చేతిలో చిన్న నీలిపూల రెమ్మ. జర్మన్‌లో ఆ పువ్వు పేరుకు 'నన్ను మరవకు' అని అర్థం. పైన 'గెబోర్నే హోఫరిన్' అని రాసి ఉంది. మన మాటలో, హోఫర్ వారి ఆడపడుచు. పుట్టిల్లు తెలిసింది, పేరు పోయింది. మరవకు అంటున్న పిల్లను ఏమని తలుచుకోవాలి? ఆ మూడు వారాలూ నన్ను తొలిచింది ఇదే.

తర్వాత అమ్మమ్మ పెళ్లినాటి ఫొటో బయటికి తీశాను. వెనక నారాయణగూడ స్టూడియో ముద్ర తప్ప ఒక్క అక్షరం లేదు. బొమ్మ గీసి, వెనక ఆమె పేరు రాయబోయి ఆగాను. పేరు తెలుసు, పుట్టింటివారి ఇంటిపేరు తెలియదు! పెద్దమ్మకు ఫోన్ చేశాను.

"గిప్పుడెందుకే బిడ్డా?" అంది. కాసేపు మాట లేదు. "యాదికొస్తలేదే" అన్నప్పుడు గొంతు మారింది.

రాత్రి తొమ్మిదింటికి తనే చేసింది. ఊళ్లో ఎవరెవరినో అడిగిందట. ఇంటిపేరు చెప్పింది, ఊరు చెప్పింది, అమ్మమ్మ తల్లి పేరు కూడా చెప్పింది. అన్నీ పట్టేలా చిన్న అక్షరాలతో రాశాను.