చూసినవాళ్లు రెట్టింపు కట్టాలి

మా నాన్న పేకాటలో పోగొట్టుకుని వచ్చాడా, గెలుచుకుని వచ్చాడా అన్నది ఆయన నోరు విప్పకముందే మా అమ్మకు తెలిసిపోయేది. ఆదిలాబాద్‌లో మా ఇల్లు పత్తి మార్కెట్‌కు దగ్గర. నాన్న జిన్నింగు మిల్లులో గుమస్తా. దీపావళి నుంచి సంక్రాంతి దాకా, పత్తి వచ్చే రోజుల్లో, చేతిలో నాలుగు డబ్బులు ఆడేవి. వాటితో పాటు పత్తాలూ ఆడేవి. రాత్రి తలుపు చప్పుడవగానే అమ్మ పొయ్యి దగ్గర నుంచే మాకు సైగ చేసేది. లేచి కూర్చోవాలా, నిద్ర నటించాలా అన్నది ఆ సైగలో ఉండేది.

"నీకెట్ల తెలుస్తదే అమ్మా?" అని ఒకసారి అడిగాను.

"ఏమున్నదే బిడ్డా, చెప్పులిడిశే తీరు జూస్తె తెల్వదా? గెలిస్తె ఎటువడితె అటు ఇసిరేస్తడు. ఓడితె రెండూ జోడుగ వెడ్తడు" అంది.

ఓడినవాడు చెప్పులు జాగ్రత్తగా పెట్టడమేమిటని అప్పుడు నవ్వుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత పోకర్ గురించి చదువుతున్నప్పుడు ఆ చెప్పుల జత మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. ఎదుటివాడి చేతిలో ఏ ముక్కలున్నాయో అతని ఒళ్లే బయటపెట్టే చిన్న చిన్న గుర్తుల్ని పోకర్ వాళ్లు 'టెల్' అంటారు. వేళ్లు వణకడం, ఊపిరి బిగపట్టడం, చిప్స్‌ను మళ్లీ మళ్లీ సర్దడం, ముక్కలు చూడగానే చూపు తిప్పేసుకోవడం లాంటివన్నీ టెల్స్. మైక్ కారో అనే ఆటగాడు 1984లో వీటిమీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అందులో ముఖ్యమైన సూత్రం ఒకటుంది. నటించే ఆటగాడు చేతిలో బలం ఉన్నప్పుడు బలహీనుడిలా, లేనప్పుడు బలవంతుడిలా కనపడాలని చూస్తాడు. అంటే మా అమ్మ ఏ పుస్తకమూ చదవకుండానే కారో సూత్రాన్ని గడప దగ్గర కనిపెట్టిందన్నమాట.

2013లో మైకేల్ స్లెపియన్, అతని సహచరులు చేసిన ఒక పరిశోధన కూడా నన్ను ఆపి ఆలోచింపజేసింది. ప్రొఫెషనల్ పోకర్ ఆటగాళ్లు పందెం కాసే వీడియో ముక్కల్ని మామూలు విద్యార్థులకు చూపించారు. ముఖాలు మాత్రమే చూసినవాళ్లు ఎవరి చేతిలో మంచి ముక్కలున్నాయో పోల్చుకోలేకపోయారు. గుడ్డిగా చెప్పినా అంతకన్నా నయమే అన్నట్టుంది వాళ్ల ఫలితం. చేతుల కదలిక మాత్రమే చూసినవాళ్లు మాత్రం కొద్దిగా మెరుగ్గా చెప్పగలిగారు. ముఖాన్ని ఎంత అదుపులో పెట్టుకున్నా చెయ్యి నిజం చెప్పేస్తుంది. చెప్పులు విడిచే కాలు కూడా చెబుతుంది కాబోలు.

ఇక్కడొక ప్రశ్న. ఈ విద్య పేకాట బల్ల దగ్గర ఉంటే దాన్ని నైపుణ్యం అంటారు. పుస్తకాలు వస్తాయి, పరిశోధనలు జరుగుతాయి. అదే విద్య వంటింట్లో ఉంటే ఏమంటారు? 'ఆడవాళ్లకు అన్నీ తెలిసిపోతాయమ్మా' అని నవ్వేసి ఊరుకుంటారు. అదేదో పుట్టుకతో వచ్చిన గుణమన్నట్టు. పుట్టుకతో రాలేదు. భయం వల్ల వచ్చింది. బల్ల దగ్గరివాడు తప్పుగా చదివితే డబ్బు పోతుంది. మా అమ్మ తప్పుగా చదివితే ఆ రాత్రి గిన్నెలు ఎగిరేవి.

చట్టం కూడా ఈ తేడాను చూడదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసులో (ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ) సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అంది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కనుక. మూడు ముక్కలాట మాత్రం కేవలం అదృష్టమేనంది. గుర్తుపెట్టుకోవడం నైపుణ్యమే, కాదనను. అయితే ఎవరు ఏ మాటకు మండిపడతారో, ఏ రోజు ఏది అడగకూడదో ముప్పయ్యేళ్లు గుర్తుపెట్టుకున్న ఆడమనిషి నైపుణ్యం ఏ లెక్కలో వేయాలి?

నిజానికి మూడు ముక్కలాటలో ఒక నియమం ఉంది. దాన్ని నేను ఏ స్త్రీవాద సిద్ధాంత గ్రంథంలోనూ ఇంత సూటిగా చూడలేదు. ముక్కలు చూడకుండా ఆడేవాళ్లను 'బ్లైండు' అంటారు. చూసుకున్నవాళ్లు 'సీన్'. ఇద్దరూ ఒకే ఆటలో ఉంటారు. కానీ చూసినవాళ్లు బ్లైండు కన్నా రెట్టింపు కట్టాలి. తెలుసుకున్నందుకు పన్ను అన్నమాట. పైగా బ్లైండుగా ఆడేవాడి మొహంలో చదవడానికి ఏమీ ఉండదు. తనకే తెలియనిది అతని ఒళ్లు ఎలా చెబుతుంది? దాచుకోవలసిన బాధంతా చూసినవాళ్లదే.

ఈ నియమం పక్కన పెట్టుకుని 'కన్యాశుల్కం' మళ్లీ చదివాను. చాలా ఏళ్ల కిందట నేను మధురవాణి మీద ఒక వ్యాసం రాశాను. ఆమె చతురత, నిబ్బరం, ఎవరి ముందు ఏ ముఖం పెట్టాలో తెలిసిన తెలివి, వీటినన్నింటినీ పొగిడాను. ఇప్పుడు ఆ వ్యాసం నాకే నచ్చడం లేదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

1909లో అచ్చయిన రెండో కూర్పులో, మధురవాణి ఇంట్లో పేకాట సాగే రంగం ఉంది. పోలిశెట్టి, సిద్ధాంతి, భుక్త లాంటి మగవాళ్ల మధ్య ఆమె ఒక్కతే ఆడది. సాధారణంగా దాన్ని హాస్య రంగంగా చదువుతాం, నవ్వుకుంటాం. కానీ నాటకం మొత్తంలో మధురవాణి చేసే పని ఆ బల్ల దగ్గరి పనే. గిరీశం డాంబికాన్ని, రామప్పంతులు పిరికితనాన్ని, లుబ్ధావధాన్లు భయాన్ని ఆమె చదువుతుంది. తన ముఖాన్ని మాత్రం వాళ్లలో ఎవరికీ చదవనివ్వదు. ఆ నాటకంలో వేషాలు వేసేవాళ్లు, మంచం కింద దూరేవాళ్లు, అబద్ధాలాడేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు దొరికిపోయినా పెద్దగా పోయేదేమీ లేదు. నవ్వులపాలవుతారంతే. మధురవాణి దొరికితే కూడు పోతుంది.

ఆమెకు ఎదురుగా మిగతా ఆడవాళ్లను పెట్టి చూడండి. బుచ్చమ్మ బ్లైండు. గిరీశం చేతిలో ఏ ముక్కలున్నాయో ఆమెకు తెలియదు, తన చేతిలో ఏముందో కూడా ఆమెను ఎవరూ చూడనివ్వలేదు. బాల్యంలోనే పెళ్లి, బాల్యంలోనే వైధవ్యం. సుబ్బి మరీ చిన్నది, ముక్కలు పంచిన సంగతే తెలియదు. వెంకమ్మ చూసింది. భర్త మూర్ఖత్వాన్ని, కూతురికి రాబోయే బతుకును స్పష్టంగా చూసింది. కానీ దాచుకునే విద్య ఆమెకు లేదు. అందుకే నూతిలో దూకింది. చూసి, దాచుకుని, ఆటలో నిలబడింది మధురవాణి ఒక్కతే. ఇది గురజాడ అల్లిన క్రమమని నేననను. ఆనాటి సమాజంలోనే ఉన్న క్రమం ఆయన చూపు నుంచి తప్పించుకోలేదంటాను.

నా పాత వ్యాసంలో పొరపాటు ఇక్కడే ఉంది. మధురవాణి దాచుకోగలగడాన్ని ఆమె విజయంగా రాశాను. రెట్టింపు ఎవరు కట్టారో అడగలేదు.

భారతంలో జూదం అనగానే మనం సభాపర్వం దగ్గరే ఆగిపోతాం. ధర్మరాజు శకునిని చదవలేకపోయాడు, భార్యను ఒడ్డాడు, ద్రౌపది సభను ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్న గురించి చాలామందిమి రాశాం. విరాటపర్వంలో ఇంకో పాచికలాట ఉంది. దాన్ని అంతగా పట్టించుకోం. కంకుడి వేషంలో ఉన్న ధర్మరాజు విరాటరాజుతో ఆడుతుంటాడు. గెలుపు ఉత్తరుడిది కాదు, బృహన్నలదన్నందుకు రాజుకు కోపం వచ్చి పాచికతో మొహం మీద కొడతాడు. ముక్కు నుంచి నెత్తురు కారుతుంది. ధర్మరాజు పక్కనే ఉన్న సైరంధ్రి వైపు చూస్తాడు. ఒక్క చూపు. ఆమెకు అర్థమైపోతుంది. నెత్తురు నేలమీద పడకుండా పడుతుంది. తనను జూదంలో ఒడ్డిన మనిషి చూపును, తన వేషం చెదరకుండా, అతని వేషం చెదరకుండా చదివిన స్త్రీ ఆమె. దీన్ని పాతివ్రత్యం అని వ్యాఖ్యానించుకుంటూ వచ్చాం. నాకు మాత్రం అందులో మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి చేసిన సైగ కనపడుతుంది.

మా జిల్లాకు పేకముక్కలతో ఇంకో చుట్టరికం ఉంది. కొయ్యబొమ్మలకు పేరుపడ్డ నిర్మల్‌లో (2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే) నకాషీ కళాకారులు ఒకప్పుడు గంజీఫా ముక్కలు కూడా చిత్రించేవారు. గుండ్రటి ముక్కలు, చేత్తో వేసిన రంగులు. దశావతార గంజీఫాలో పది వరసలు, ఒక్కో వరసకు పన్నెండు, మొత్తం 120 ముక్కలు. ప్రతి వరసకూ ఒక రాజు, ఒక మంత్రి ఉంటారు. రాణి ఉండదు. ఇప్పుడు మనం ఆడే పేకలో రాణి ఉంది, అయినా రాజు కిందే. బొమ్మ ఉన్నంత మాత్రాన బల్ల దగ్గర చోటు దొరికినట్టు కాదు. పోకర్ ప్రపంచ పోటీ ముఖ్య ఈవెంటులో ఒక స్త్రీ, బార్బరా ఎన్‌రైట్, ఆఖరి బల్ల దాకా చేరింది 1995లో. ఆ పోటీలు మొదలై అప్పటికి పాతికేళ్లు.

మారియా కొన్నికోవా అనే మనస్తత్వ శాస్త్రవేత్త పోకర్ నేర్చుకుని, 2020లో 'ది బిగ్గెస్ట్ బ్లఫ్' అని పుస్తకం రాసింది. అందులో నాకు బాగా తగిలిన సంగతి ఒకటుంది. దూకుడుగా ఆడవలసిన చోట ఆమె వెనక్కి తగ్గేదట. మంచి ముక్కలు లేక కాదు, మంచి అమ్మాయి అనిపించుకోవాలని చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు వల్ల. చదవడం, దాచడం మనకు వచ్చు. పందెం పెంచడమే ఎవరూ నేర్పలేదు.

ఇక అసలు సంగతి. అమ్మకు కడుపులో నొప్పి ఎప్పుడు మొదలైందో మాలో ఎవరికీ తెలియదు. నాన్న పోయాక నా దగ్గరే ఉండేది. పొద్దున్నే లేచేది, జొన్నరొట్టెలు చేసేది, పిల్లల జడలు వేసేది. ఎప్పుడైనా గోడ పట్టుకుని నిలబడితే "ఏమైందే?" అనేదాన్ని. "ఏం గాలె బిడ్డా, కాలు తిమ్మిరెక్కింది" అనేది. నేను తలూపి కాలేజీకి వెళ్లిపోయేదాన్ని. మధురవాణి కనురెప్ప కదలిక మీద పేజీలు రాసినదాన్ని, మా అమ్మ గోడ మీద ఆనించిన చేతిని చదవలేకపోయాను. తెలిసేసరికి డాక్టరు చేయగలిగింది పెద్దగా ఏమీ మిగల్లేదు. "ఎందుకు చెప్పలేదమ్మా?" అని ఏడిస్తే, "చెప్తె మీరు పరేషాన్ అయితరని" అంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె ముఖంలో ఏమీ కనపడలేదు.

ఆమె మా అందర్నీ చదివింది. ఆమెను చదవడం మాలో ఎవరమూ నేర్చుకోలేదు. 'ఇంటి గుట్టు లంకకు చేటు' అంటారు. గుట్టుగా ఉండటమే గొప్పతనమని ఆమెకు నేర్పినవాళ్లలో, మధురవాణి నిబ్బరాన్ని పొగిడిన నాలాంటి విమర్శకులూ ఉన్నారని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఓర్పు, నిబ్బరం, గాంభీర్యం అంటూ మనం రాసే మెచ్చుకోలు మాటలు ఒక్కోసారి స్త్రీల నొప్పి మీద కప్పిన దుప్పట్లు.

అందుకే కన్యాశుల్కం చివరి రంగం ఇప్పుడు నాకు వేరేగా కనపడుతోంది. మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు దగ్గరకొస్తుంది. తన దగ్గరున్న సమాచారానికి బేరం పెడుతుంది. అంటే పందెం పెంచుతుంది. తర్వాత తానెవరో తానే బయటపెడుతుంది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ చదవలేదు. షో అడిగింది ఆమే. నా పాత వ్యాసంలో వేషం వేయగలగడాన్ని పొగిడాను. పొగడవలసింది వేషం తీసేయడాన్ని.

ఈమధ్య మా విద్యార్థిని ఒకమ్మాయి తన ఇంటి సంగతి చెప్పింది. వాళ్లాయన ఫోన్‌లో రమ్మీ ఆడి అప్పులపాలయ్యాడు. ఆన్‌లైన్ పేకాటను రాష్ట్రం 2017లో నిషేధించింది, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. అయినా అప్పులు చట్టాలతో తీరవు కదా. "మంచం మీద నా పక్కనే పండుకుని ఆడిండు మేడం, నాకు తెలవనే లేదు" అంది. ఫోన్‌లో ఆడేవాడు గడప దాటక్కర్లేదు, చెప్పులు విడవక్కర్లేదు. అమ్మల తరం కష్టపడి సంపాదించిన విద్య ఆ అమ్మాయికి పనికి రాలేదు.

"కనిపెట్టలేకపోయిన మేడం" అని తల దించుకుంది. కనిపెట్టడం నీ బాధ్యత కాదమ్మా, చెప్పడం అతని బాధ్యత అన్నాను. ఆ మాట నేను మా అమ్మకు ఎన్నడూ చెప్పలేదు.