చారిత్రక నాటకము: నమ్మిక

చారిత్రక నాటకమును విమర్శింపబూనినవారు మొదట తేదీలు సరిచూతురు; పిదప వేషములను చూతురు; తప్పు దొరకినచో తృప్తిపడుదురు. ఈ పరీక్ష అనవసరమని మేమనము. కాని నాటకము చరిత్రతో సరిపోవుటకును, ప్రేక్షకుడు దానిని నమ్ముటకును గల సంబంధము మనమనుకొన్నంత సూటియైనది కాదు.

వేదము వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయమునే (1897) తీసికొందము. 1323లో ఓరుగల్లు పతనమైనది. చెరపట్టబడిన ప్రతాపరుద్రుడు ఢిల్లీ చేరకయే నర్మదాతీరమున మరణించెనని ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము తెలుపుచున్నది. నాటకమునందో, యుగంధరమంత్రి పిచ్చివాని వేషమున ఢిల్లీకి పోయి రాజును విడిపించును. ఇంతకంటె పెద్ద చరిత్రదోషముండదు. అయినను నాటకము తెలుగు రంగస్థలమున నిలిచినది. ఏలయన, అందు ప్రతివాడును తన స్థానమునకు తగిన మాట మాట్లాడును. రాజును పోలిన చాకలి పేరిగాని మాట వేరు, మంత్రి మాట వేరు, ముస్లిము పాత్రల తెలుగు వేరు. నిజమునకు పేరిగాని పలుకు పదునాలుగవ శతాబ్దిది కాదు, శాస్త్రిగారి కాలపుదే. మంత్రి గ్రాంథికమును కాకతీయులనాటి వాడుక కాదు. కాలము తప్పినది గాని అంతరము తప్పలేదు. మాటకును మాటకును నడుమనున్న ఆ దూరమే ప్రేక్షకుని కనులయెదుట ఒక రాజ్యమును నిలిపినది.

దీనికి ఎదురు ఉదాహరణము గోలకొండ. మణికొండ మేడలలో కాపురముండు నేటి ఉద్యోగులకు ఆ కోట కూతవేటు దూరముననున్నది. అందు జరుగు ధ్వనికాంతుల ప్రదర్శనమును చూచినవారును పెక్కురు. అది కథనము, నాటకము కాదు. కథకునికి ముగింపు మొదటనే తెలియును, పాత్రకు తెలియరాదు. 1687 ఆరంభమున మొగలులు ముట్టడించినపుడు, అది ఎనిమిది నెలలు సాగునని గాని, అబ్దుల్లాఖాను పణి లోనుండి తలుపు తీయించునని గాని కోటలోనివారెరుగరు. మొదటి రంగముననే రాజ్యమునకు అంత్యకాలము వచ్చినదని విలపింపజేయు రచయిత పాత్రచేత గాక పాఠ్యపుస్తకముచేత మాట్లాడించుచున్నాడు.

మొగలు సరదారులు తన్ను పట్టుకొన వచ్చినపుడు అబుల్‌హసను తానీషా కలవరపడక, వారిని కూర్చుండుమని, వేళకు భోజనము తెప్పించుకొని తినెనని చరిత్రకారుడు ఖాఫీఖాను వ్రాసెను. ఇది చరిత్రగ్రంథమునందున్నదే. రంగమున ఉన్నదున్నట్లు చూపినచో ప్రేక్షకుడు నవ్వును. లేదా రాజు మందమతియని తలచును. ప్రతాపరుద్రుని విడుదల అసత్యమయ్యు నమ్మబడినది. తానీషా భోజనము లిఖితచరిత్రయయ్యు నమ్మబడదు. నమ్మబడవలెనన్నచో దానికి వెనుక బలము కావలెను. సింహాసనమెక్కకమునుపు తానీషా షారాజు అను సూఫీగురువునకు శిష్యుడు. ఆ ఫకీరు సన్నిధిని మొదటి అంకమున చూపిన రచయితకే చివరి అంకమున ఆ పళ్లెరము దక్కును. మన రంగమునకు తానీషా ఎక్కువగా రామదాసు కథవలననే పరిచితుడు. అందు రామలక్ష్మణులే వచ్చి పైకము చెల్లింతురు. భక్తికథకు అది చాలును, 1687 కథకు చాలదు.

ఇక భాష. కుతుబ్‌షాహీ ఫర్మానులు పెక్కు పారసీకమునందును తెలుగునందును కూడ వ్రాయబడినవి. అనగా ఈ రెండు భాషలును ఒకే కాగితముమీద కాపురము చేసినవి. గోలకొండ నాటకము వ్రాయువాడు సుల్తానునకు బరువైన ఉర్దూను, మంత్రులకు కావ్యాంధ్రమును, వంటవానికి తెలంగాణపు పలుకుబడిని పంచిపెట్టినచో వేంకటరాయశాస్త్రిగారి పద్ధతిని పైపైన అనుసరించినవాడగును గాని గ్రహించినవాడు కాడు. తెలంగాణపు మాటను హాస్యగానికి, రౌడీకి కేటాయించుట మన సినిమాలు చిరకాలము పెంచి పోషించిన దురభ్యాసము. 1686లో హత్యకు గురియైన మాదన్న హనుమకొండవాడు. ఆ రాజ్యపు లెక్కలన్నియు అతని చేతిలోనుండెను. తెలంగాణపు పలుకుబడి ఆ నాటకమున మొట్టమొదట వినిపింపవలసినది మంత్రి నోటనే. వంటవానికి ఎట్టి మాట నీయవలెనన్నది ఆ తరువాత చూచుకొనవలసిన పని.