గంట కొట్టేవాళ్లు

కొత్తగూడ చౌరస్తా హారన్లు మా ఫ్లాట్ దాకా వినిపిస్తాయి. కోడ్‌లో బగ్ వెతికే పనిలో పడ్డానంటే మాత్రం ఒక్కటీ చెవికెక్కదు. అదే ల్యాప్‌టాప్ మూలన ‘ఒక్క నిమిషం ఉందా?’ అని మెసేజ్ మెరిసిందా, అంతసేపు పట్టుకున్న తీగ చేజారిపోతుంది. అంటే పేచీ చప్పుడుతో కాదు.

పనిలో ఒళ్లు మరిచిపోయే ఈ స్థితి మీద మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి జీవితమంతా పనిచేశాడు. చదరంగం ఆడేవాళ్లనూ, కొండలెక్కేవాళ్లనూ, సర్జన్లనూ కదిలించి 1975లో పుస్తకం వేశాడు. చేయాల్సింది స్పష్టంగా ఉండాలి, చేసింది సరో కాదో వెంటనే తెలియాలి, పని మన సత్తాకు తగ్గట్టు ఉండాలి అంటాడు. ఈ మూడూ ఒకేచోట చూడాలంటే ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు, ఒక్క అవధానిని పరీక్షించే అష్టావధానానికి వెళ్లాలి.

నిషిద్ధాక్షరే తీసుకోండి. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత రాబోయేదాన్ని పసిగట్టి పృచ్ఛకుడు నిషేధిస్తాడు. మనసులో అనుకున్న మాట అక్కడితో సరి. గణం తప్పకుండా, అర్థం చెడకుండా అప్పటికప్పుడు మరో దారి దొరకాలి. దొరికిందనుకునేలోపు ఇంకో నిషేధం. ఆ పాదం పూర్తిచేసి, ఇచ్చిన పాదాన్ని పద్యంగా పూరించే సమస్య దగ్గరికి, అక్కడినుంచి ఇచ్చిన మాటలతో పద్యం అల్లే దత్తపదికి. నడుమ గంట మోగుతుంది, లెక్క పెట్టుకోవాలి. అప్రస్తుత ప్రసంగి వంకాయ కూర సంగతి ఎత్తితే, సభ నవ్వేలా బదులివ్వాలి కూడా. నాలుగు చుట్లు తిరిగాక పద్యాలన్నీ ధారణగా అప్పజెప్పాలి. తిరుపతి వేంకట కవులైతే శతావధానాలే చేశారు. వందమంది పృచ్ఛకులు! తలచుకుంటేనే నాకు తల తిరుగుతుంది.

అడ్డు తగలడమే ఏకాగ్రతకు శత్రువైతే ఈ విద్య పుట్టేదే కాదు. అవధాని పద్యాన్ని ఎక్కడ పడితే అక్కడ వదలడు, పాదం ముగించి వదులుతాడు. మళ్లీ ఎక్కడ అందుకోవాలో తెలుసు. సగంలో వదిలిన పని బుర్రలోనే వేలాడుతూ తర్వాతి పనిని పాడుచేస్తుందని పరిశోధకురాలు సోఫీ లెరోయ్ 2009లో రాసింది. ఎక్కడ ఆపామో, తిరిగొచ్చాక ఏం చేయాలో రాసుకుని లేస్తే ఆ బరువు తగ్గుతుందని ఆమె తర్వాతి పరిశోధన.

ఇప్పుడు నేనూ కాల్ ఎత్తేముందు కోడ్‌లోనే ఒక కామెంట్ రాస్తాను: ‘తేదీ ఇక్కడిదాకా సరిగ్గానే వస్తోంది, తర్వాతి ఫంక్షన్ చూడాలి.’ అదే నా పాదం ముగింపు. రాయడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం కూడా ఆగలేని మేనేజర్లుంటారు. వాళ్లకు తలా ఒక గంట ఇచ్చి కూర్చోబెట్టాలి, సాయంత్రానికి ఎన్నిసార్లు కొట్టారో లెక్కయినా తేలుతుంది.