బోనస్ గీత మీది కూత

పెన్నకు ఉత్తరాన ఉన్న కోవూరు పరిసర పల్లెల్లో చెడుగుడు చూస్తూ పెరిగిన అభిమాని కూతకు వెళ్లినవాడి సత్తాను ఒకే లెక్కతో తేలుస్తాడు: అవతలి బరిలో ఎందరిని తాకాడు, పట్టు విడిపించుకుని నడిమి గీతను అందుకున్నాడా లేదా అన్నదే ఆ లెక్క. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు తెలుగు టైటాన్స్ తరఫున రాహుల్ చౌదరి చూపిన దూకుడు ఈ లెక్కను మరింత స్థిరపరచింది. ఆ తరువాత ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచుల్లో ఒక్కటే, తరువాతి రెండు సీజన్లలో రెండేసి చొప్పున మాత్రమే గెలిచిన ఆ జట్టులోకి 2024లో విజయ్ మాలిక్ వచ్చినప్పుడు, అతడిని కేవలం బోనస్ ఆటగాడిగా భావించి పెదవి విరిచినవారు ఉండడం సహజమే.

నడిమి గీతకు 3.75 మీటర్ల దూరంలో బాక్ గీత, దానికి మరో మీటరు లోపల బోనస్ గీత ఉంటాయి. బరిలో కనీసం ఆరుగురు ప్రత్యర్థులు ఉన్నప్పుడు, ముప్పై సెకన్ల కూత ఆగకుండా, ఒక పాదాన్ని బోనస్ గీత అవతల ఆనించి, అదే క్షణంలో రెండో పాదాన్ని గాలిలోకి లేపితే ఒక పాయింటు దక్కుతుంది. వినడానికి సులువే గాని, పాదం చాపిన ఆ క్షణంలో శరీరం బరువంతా ఒక కాలి మీదే ఉంటుంది కనుక, మూలల్లో కాచుకున్న ఆటగాళ్లు చీలమండను దొరకబుచ్చుకోవడానికి అంతకన్నా మంచి అదను ఉండదు. అందుకే నేర్పరి నడుమును ఒకవైపు తిప్పి, మూలనున్నవాణ్ణి అటు కదిలించి, రెండోవైపు పాదం దించి వెంటనే వెనక్కి లాక్కుంటాడు.

బోనస్ పాయింటుతో, పల్లెమాటలో ‘చచ్చి’ బయట కూర్చున్న సహచరుడు ‘బతకడు’. కూతలో తాకి తెచ్చిన పాయింటుకే ఆ ఫలం ఉంది. అభిమాని అసంతృప్తికి ఇది న్యాయమైన కారణమే. అయితే వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదానిలో పాయింటు తేవాలి, లేదా ఔటవ్వాలి. ఆ సంకటాన్ని ముందే తప్పించేది బోనస్సే. పైగా ఆ పాదాన్ని అడ్డుకోవాలని మూలవాడు ముందుకు జరిగిన ప్రతిసారీ రక్షణ వరుసలో సందు ఏర్పడి, తాకడానికీ దారి దొరుకుతుంది. 2022 ఫిబ్రవరిలో జరిగిన ఎనిమిదో సీజన్ ఫైనల్లో దబంగ్ ఢిల్లీ 37-36తో పట్నా పైరేట్స్‌ను ఓడించిందంటే, అందులో ఢిల్లీ తరఫున విజయ్ తెచ్చిన 14 పాయింట్లలో ఏ ఒక్కటీ చిన్నది కాదు.

నాటి ఢిల్లీ కోచ్ కృష్ణ కుమార్ హుడాయే టైటాన్స్ పగ్గాలు చేపట్టిన పదకొండో సీజన్‌లో, పవన్ సెహ్రావత్ గాయపడగా నాయకత్వ భారం విజయ్ మీద పడింది. జట్టు 12 మ్యాచులు గెలిచి ఏడో స్థానంలో నిలిచింది. 2025లో పూర్తి స్థాయి కెప్టెన్‌గా అతడు, తాకి పాయింట్లు తేవడంలో దిట్ట అయిన భరత్ హుడాతో కలిసి జట్టును రెండో క్వాలిఫయర్ దాకా నడిపించాడు. అక్కడ పుణేరి పల్టన్ చేతిలో ఓడినా, ఆ సీజన్‌ను శ్రద్ధగా చూసిన అభిమాని ఇప్పుడు అడగవలసిన ప్రశ్న వేరు: ప్రత్యర్థులు అయిదుగురికి తగ్గి బోనస్ అవకాశమే లేనప్పుడు విజయ్ ఎవరిని, ఏ మూల నుంచి తాకుతాడన్నది.