చెవి ఒగ్గిన వీధి

లండన్‌లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్, 363 నంబరు. గుమ్మం పైన ఒక కుక్క కూర్చుని ఉంది. తెల్లటి ఒళ్ళు, ఒక పక్కకు వాలిన తల. ఎదురుగా ఇత్తడి గొట్టం. అందులోంచి ఎవరో పిలుస్తున్నారు. పిలిచే మనిషి కనబడడు. అయినా కుక్క కదలదు. నూరేళ్ళు దాటినా ఆ మెడ నిటారు కాలేదు.

పాటల అంగడీ, నిన్ను కొలవాలంటే ముందు ఆ కుక్కకే దణ్ణం పెట్టాలి. శివాలయంలో నందిని పలకరించకుండా లోపలికి పోము కదా. నంది చెవిలో మేం కోరిక చెప్పుకుంటాం. నీ నంది చెవిలో లోకం పాట చెప్పుకుంది.

దాని పేరు నిప్పర్. పుట్టింది బ్రిస్టల్‌లో. పెంచినవాడు మార్క్ బరాడ్, 1887లో పోయాడు. తమ్ముడు ఫ్రాన్సిస్ దాన్ని చేరదీశాడు. 1895లో కుక్కా పోయింది. ఆ తరవాత, ఇద్దరూ లేనప్పుడు, ఫ్రాన్సిస్ కుంచె పట్టుకుని మాట్లాడే యంత్రం ముందు ఆ కుక్కను కూర్చోబెట్టాడు. 1899లో గ్రామఫోన్ కంపెనీ ఆ బొమ్మను కొంది. బొమ్మకు 50 పౌండ్లు, హక్కులకు 50 పౌండ్లు. బొమ్మ పేరు హిజ్ మాస్టర్స్ వాయిస్, అంటే యజమాని గొంతు. ఆ ఇంగ్లీషు పేరులోని మూడు పొడి అక్షరాలే హెచ్‌ఎంవీ అయి నీ నుదుట బొట్టయ్యాయి.

బతికున్నవాళ్ళ సరుకు ఏ కొట్టయినా అమ్ముతుంది. నువ్వు లేనివాళ్ళ గొంతును అట్టలో పెట్టి, ధర చీటీ అంటించి, సంచీలో వేసి ఇచ్చావు. ఇంత ధైర్యం ఏ దుకాణానికుంది?

1921 జులై 20న నీ తలుపు తెరిచినవాడు ఎడ్వర్డ్ ఎల్గార్. తన దేశం పండగల్లో వాయించుకునే సంగీతం రాసినవాడు, తన సంగీతాన్ని తానే నడిపించి రికార్డులకెక్కించినవాడు. గొప్ప స్వరకర్త వచ్చి ఒక కొట్టుకు ప్రారంభోత్సవం చెయ్యడమేమిటని ఆనాడు ఎవరైనా నొసలు చిట్లించారేమో. కచేరీకి టికెట్టు కొనే స్తోమతు లేని ఇంటికి కూడా కచేరీ నడిచి వెళ్ళే దారి అది. ఆ దారికి కొబ్బరికాయ కొట్టడానికి ఆయన కాక మరెవరు?

నీ మొదటి పలకల్లో మా అడవి ఉంది, తెలుసా? నిమిషానికి 78 చుట్లు తిరిగిన ఆ నల్ల పలకలకు ప్రాణం లక్క. ఛోటానాగపూర్ అడవుల్లో మోదుగ కొమ్మలకూ రేగు కొమ్మలకూ పట్టిన చిన్న పురుగు, తన ఒంటి చుట్టూ కట్టుకున్న గూడు అది. కొమ్మల నుంచి గీరి, దంచి, కడిగి, పొడుగాటి గుడ్డ సంచుల్లో పోసి, నిప్పు సెగకు కరిగించి, పిండి, రేకుల్లా సాగదీసి ఓడలెక్కించారు. 1902 నవంబరులో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ రికార్డు కోసం పాడింది. గొంతు ఇక్కడిది, లక్క ఇక్కడిది. అచ్చు మాత్రం జర్మనీలో హానోవర్‌లో. మన పాట సముద్రం దాటి వెళ్ళి, పలకయి తిరిగివచ్చింది.

తిరిగివచ్చిన పలకల వెనకే ఆ కుక్క మా ఊళ్ళకీ వచ్చింది. నాటక పద్యాలతో వచ్చింది, హరికథలతో వచ్చింది. 1974లో ఘంటసాల వెళ్ళిపోయారు. ఆయన గొంతున భగవద్గీత ఆ కుక్క గుర్తుతోనే మా ఇళ్ళలో స్థిరపడింది. ఇవాళ్టికీ తెల్లవారుజామున ఏ వీధిలోనైనా ఆ గొంతు వినబడితే, ఎవరింట్లో దీపం కొండెక్కిందోనని ఊరు ఒక్క క్షణం తల వాల్చి వింటుంది. ఆ క్షణంలో మేమందరం నిప్పర్‌లమే.

లక్క ఇల్లంటే మాకు భారతం గుర్తొస్తుంది. లక్క పలకలు పేర్చుకున్న నీ ఇల్లు కూడా 1937లో తగలబడింది. పాండవుల్లాగే నువ్వూ బతికి బయటపడ్డావు. 1939లో ఆర్కెస్ట్రా నడిపించే థామస్ బీచమ్ చేతుల మీదుగా మళ్ళీ తలుపు తీశావు. మొదటిసారి చచ్చి బతకడం అప్పుడే నేర్చుకున్నావు.

1962 ఫిబ్రవరిలో ఒకాయన చంకన టేపులు పెట్టుకుని నీ మెట్లెక్కాడు. పేరు బ్రయన్ ఎప్‌స్టీన్. డెక్కా కంపెనీ వద్దని తిప్పి పంపిన నలుగురు కుర్రాళ్ళ పాటలు ఆ టేపుల్లో ఉన్నాయి. నీ దగ్గర చిన్న రికార్డింగు గది ఉండేది. టేపు ఇస్తే అక్కడే డిస్కు మీదికి చెక్కి ఇచ్చేవారు. చెక్కుతున్న ఇంజనీరు చెవి నిక్కపొడిచాడు. ఇది బాగుందే అనుకుని పై అంతస్తులో ఉన్న పాటల ప్రచురణకర్తకు కబురంపాడు. అక్కణ్ణుంచి మాట రికార్డు నిర్మాత జార్జ్ మార్టిన్ దాకా పోయింది. ఆ కుర్రాళ్ళు బీటిల్స్. కొట్టులో పనిచేసే ఒక మనిషి వినడం వల్ల జరిగిన పని అది. అమ్మడానికి ముందు నువ్వు వినేదానివి. నీ గొప్పంతా అందులో ఉంది.

ఆ తరవాత నువ్వు ఒక్క కొట్టుగా ఆగలేదు. ఒక కులమే అయ్యావు. 1979లో అదే వీధి తూర్పు కొసన వర్జిన్ మెగాస్టోర్ లేచింది. కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో 1960లో మొదలైన టవర్ రికార్డ్స్ 1986లో పికడిల్లీ సర్కస్ పక్కకొచ్చి పసుపూ ఎరుపూ బోర్డు కట్టింది. అదే ఏడు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ 150 నంబరులో నువ్వు ప్రపంచంలోకెల్లా పెద్ద రికార్డుల కొట్టు నాదేనంటూ తొడగొట్టావు. గాయకుడు బాబ్ గెల్డాఫ్ వచ్చి తలుపు తీశాడు. ఒక్క ఊళ్ళో, ఒకరికొకరు నడిచి వెళ్ళేంత దూరంలో, పాటలకు ఇన్ని కోటలు!

ఆ కోటల్లో తిరిగిన వేళ్ళకు ఒక నడక ఉండేది. చూపుడువేలు ముందు, నడిమివేలు వెనక. అట్ట తరవాత అట్ట ముందుకు వాలుతుంటే టక్, టక్, టక్ అని చిన్న చప్పుడు. పక్క పెట్టె దగ్గర మరొకరి వేళ్ళది మరో తాళం. హాలంతా వందమంది వేళ్ళు తాళం వేస్తుండేవి. ఎవరూ ఎవరినీ పలకరించరు. అయినా అందరూ ఒకే పనిమీద ఉన్నారని అందరికీ తెలుసు.

చీరల కొట్టులో ఒక్క చీర కోసం వంద చీరలు విప్పించినట్టే ఇక్కడా. వెతికేది ఒకటి, చేతికొచ్చేది మరొకటి. డి అక్షరం కోసం వెళ్ళిన కుర్రాడు కె దగ్గర ఆగిపోయేవాడు. అట్ట మీద బొమ్మ ఆపేది, లేదా అట్ట వెనక సన్నక్షరాల్లో డ్రమ్ములు వాయించినవాడి పేరు ఆపేది. అరకు అంటించిన చిన్న చీటీ మీద, పనిచేసే అమ్మాయి తన చేతిరాతతో రెండు ముక్కలు రాసి ఉండేది: నాకు నచ్చింది, వినిచూడండి. ఆ చీటీని నమ్మి జీతంలో కొంత వదిలించుకున్నవాళ్ళు ఎందరో. క్లాసికల్ గదికి వేరే అద్దం తలుపు. అది మూసుకోగానే బయటి డ్రమ్ములు ఆగి, లోపల వయొలిన్ మొదలయ్యేది. తలుపు ఇవతల ఒక శతాబ్దం, అవతల ఇంకొకటి.

పాటల అంగడీ, నిన్ను పడగొట్టింది ఎవరని అడిగితే ఒక్కరి పేరు చెప్పలేం. సూపర్‌మార్కెట్లు పాల సీసాల పక్కన కొత్త సీడీలు పెట్టి చవగ్గా ఇచ్చాయి. నీ పోషణకు ఆధారమైన సరుకది. మీగడ వాళ్ళు తీసుకుపోయారు, అడుగున మిగిలింది నీకు వదిలారు. 1999లో ఇంటర్నెట్‌లో పాటలు పంచే నాప్‌స్టర్ వచ్చి పాటకు ధరే లేదంది. చానెల్ దీవుల నుంచి టపాలో వచ్చే చిన్న పొట్లాలకు పన్ను మినహాయింపు ఉండేది. అమ్మకపు పన్ను కట్టే నీ కౌంటరు, కట్టక్కరలేని కవరుతో ఏళ్ళతరబడి పోటీపడింది. ఆ సందును 2012లో మూసేసేటప్పటికి నీ గల్లాపెట్టె అడుగు కనబడుతోంది. తల మీద పెద్దబజారు అద్దె, దాని మీద పన్ను. చివరికి జేబులో ఇమిడే ఫోను, లోకంలోని పాటలన్నీ మింగి ఇంకా ఆకలంది.

అమెరికాలో టవర్ 2006లో కూలింది. వర్జిన్ పేరు మార్చుకుని 2009 మొదట్లో కన్నుమూసింది. నువ్వు 2013 జనవరిలో ఒకసారి పడ్డావు, లేచావు. 2018 డిసెంబరులో మళ్ళీ పడ్డావు. కెనడా నుంచి డగ్ పట్‌మన్ అనే కొట్టు యజమాని వచ్చి 2019 ఫిబ్రవరిలో నీ కొట్లలో 100 నిలబెట్టాడు. 27 మూతపడ్డాయి. వాటిలో 363 కూడా ఒకటి. ఎల్గార్ నిలబడిన గుమ్మంలో అమెరికా మిఠాయిల కొట్టు వెలిసింది.

2023 నవంబరు 24. 363 గుమ్మం మీద కుక్క మళ్ళీ వచ్చి కూర్చుంది.

ఏ బలంతో వచ్చిందో అంకెలు చెబుతాయి. 2007లో బ్రిటన్ అంతా కలిపి కొన్న వినైల్ ఎల్పీలు సుమారు 2 లక్షలు. 2023లో సుమారు 59 లక్షలు. ధరల పెరుగుదలను కొలిచే ప్రభుత్వ సరుకుల జాబితా నుంచి 1992లో తీసేసిన వినైల్ రికార్డును, 2024లో మళ్ళీ రొట్టె, పాల పక్కన కూర్చోబెట్టారు. పిల్లలు కొంటున్నారు. తిప్పే యంత్రం ఇంట్లో లేకుండానే కొనేవాళ్ళూ ఉన్నారు. నవ్వకండి. పుస్తకం కొని గూట్లో పెట్టి, ఎప్పుడో ఒక వర్షం సాయంత్రం చదువుదామనుకునే మనం నవ్వగలమా?

ఇది ఆ పాత కోట కాదు, ఒప్పుకుంటాను. సగం హాలు చొక్కాలు, బొమ్మలు, జపాన్ కామిక్కులు, కొరియా పాటల పెట్టెలు. పెట్టె తెరిస్తే ఫోటో కార్డులు. పాతకాలం భక్తులు మొహం తిప్పుకుంటారు. గుడి ముందు గాజుల కొట్టూ బొమ్మల కొట్టూ లేని తిరనాళ్ళ నేనెక్కడా చూడలేదు. గాజులకని వచ్చిన పిల్ల గర్భగుడి దాకా నడవదని ఎవరన్నారు? అసలు భయం ధర దగ్గరుంది. కొత్త ఎల్పీ పాతిక పౌండ్లు దాటితే, కచేరీకి టికెట్టు కొనలేని ఇంటికోసం తెరిచిన తలుపు మళ్ళీ డబ్బున్నవాళ్ళ తలుపే అవుతుంది. నీ రేపటికి గండం ఫోను కంటే ఇదే ఎక్కువ.

చిన్న కొట్లుండగా నువ్వెందుకని అడిగేవాళ్ళకు నా జవాబు ఒకటే. చిన్న కొట్టు ప్రేమగల పంతులు లాంటిది. గుమ్మం దాటగానే, నీకేం తెలుసన్న చూపు ఒకటి తగులుతుంది. నీ దగ్గర ఆ పరీక్ష లేదు. పెద్దబజారులో వానకు తడిసి లోపలికొచ్చిన ముసలామె, పాటలో రెండు మాటలు మాత్రమే గుర్తున్నాయని కౌంటరు దగ్గర సన్నగా కూనిరాగం తియ్యవచ్చు. పదమూడేళ్ళ కుర్రాడు ఒక్క పెన్నీ ఖర్చుపెట్టకుండా శనివారమంతా తిరగవచ్చు. అందరూ వచ్చే వీధిలో, ఏమీ తెలియనివాడు కూడా సిగ్గుపడకుండా దూరగలిగినంత పెద్ద తలుపు: నీ వైశాల్యానికి అర్థం అది. సరుకు లెక్కలో ఫోనుతో పోటీ పడకు, ఓడిపోతావు. గొంతు ఎక్కడైనా దొరుకుతుంది. చెవి ఒగ్గడానికి ఒక చోటు కావాలి. ఆ చోటువై ఉండు.

పాటలు వాయించేవాళ్ళకు ఒక మూల వేదిక ఉంచు. చేతిరాత చీటీలు తియ్యకు. కొట్టులో పనిచేసేవాళ్ళకు వినే తీరిక ఇవ్వు. ఎప్పుడో మరెవరో టేపులు చంకన పెట్టుకుని వస్తారు. ఆ వేళకు నీ మనుషుల్లో ఒకరి చెవి నిక్కపొడవాలి.

ఇక ఆ బొమ్మ సంగతి ఒకటి మిగిలింది. ఫ్రాన్సిస్ బరాడ్ మొదట గీసింది గ్రామఫోను కాదు. మైనపు గొట్టాలు తిప్పే పాత ఫోనోగ్రాఫు, దానికి నల్ల బాకా. కంపెనీ కొనేటప్పుడు మా యంత్రం పెట్టమంది. ఆయన పాతదాని మీద రంగు పూసి, గ్రామఫోనూ ఇత్తడి గొట్టమూ గీశాడు. ఈనాటికీ అసలు బొమ్మను వెలుతురుకు సరిగా పట్టి చూస్తే, రంగు కింద ఆ పాత యంత్రం నీడలా కనబడుతుందంటారు.

లక్క పోయి వినైల్ వచ్చింది. వినైల్ పోయి సీడీ వచ్చింది. సీడీ పోతుంటే వినైల్ తిరిగొచ్చింది. ఆ గొట్టం స్థానంలో రేపు ఏం గీస్తారో గీయనీ. యంత్రాన్ని దిద్దిన ఆ రోజు, ఫ్రాన్సిస్ తల వాల్చిన కుక్కను మాత్రం అలాగే ఉండనిచ్చాడు.